నాలుగు నగరాల కపాలం

అసురసంధ్య...!

పడమటి ఆకాశం నెత్తుటి మడుగులా ఉంది. దేవరపల్లి మెట్టలో జీడిమామిడి తోటల మీద కాటుక మేఘాలు గుంపులు కట్టి ఉరుముతున్నాయి. పొగాకు ఆకు కాల్చి ఆరబెట్టే కొట్టం... పాడుబడిన ఒక బ్యారన్ కప్పు మీద గుడ్లగూబ గుండె జలదరించేలా కూసింది... ఒకసారి... రెండుసార్లు... మూడో కూత దాని గొంతులో ఉండగానే, జాతీయ రహదారి మీద పధ్నాలుగు చక్రాల లారీ ఒకటి కీచుమంటూ ఆగింది!

లారీ దొరబాబుది. కొవ్వూరు వాడు. ఇరవై రెండేళ్ళుగా స్టీరింగు పట్టినవాడు. మూడు రోజులుగా సరైన నిద్ర లేకుండా నాగపూరు నుంచి వస్తున్నాడు. ఇంకో అరగంటలో ఇల్లు చేరతాననగా రెప్ప వాలింది. ఒక్క క్షణం... ఒకే ఒక్క క్షణం! బంపరుకు ఏదో మెత్తగా తగిలింది.

దిగి చూశాడు. గంప బోర్లాపడి జీడిపిక్కలు రోడ్డంతా దొర్లుతున్నాయి. పక్కన ఒక ఆడమనిషి. నడుము కింద భాగం చక్రాల కింద పడి రోడ్డుకు అంటుకుపోయింది. అయినా ప్రాణం పోలేదు. తెరుచుకున్న కళ్ళు అతన్నే చూస్తున్నాయి.

"బాబూ... మా అమ్మాయికి ఫోన్ చెయ్యండి బాబూ... నంబరు చెబుతాను..."

దొరబాబు రోడ్డుకు రెండు వైపులా చూశాడు. కనుచూపు మేర ఒక్క బండి లేదు.

"తొమ్మిది... నాలుగు... తొమ్మిది..."

అతని జేబులో ఫోను ఉంది. దాన్ని ముట్టుకోలేదు. లారీ ఎక్కాడు. కాస్త వెనక్కి తీసి, ఆమెను తప్పించి, ముందుకు పోనిచ్చాడు. పక్క అద్దంలో ఆమె పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. అంకె తరవాత అంకె... వినేవాడు లేకపోయినా!

ఎవరూ చూడలేదనుకున్నాడు. కానీ చూసినవాడు ఒకడున్నాడు.

కల్వర్టు కింది చీకట్లోంచి కాలకంఠం బయటికి వచ్చాడు. ఎండిన తాటిమట్టలాంటి శరీరం... చింతనిప్పుల్లాంటి కళ్ళు... మెడలో పాము వెన్నుపూసల మాల! ఒకప్పుడు రోడ్ల సర్వేలో కొలత గొలుసు లాగిన కూలీ వాడు. ఆ పని పోయాక పన్నెండేళ్ళు శ్మశానాలు పట్టి తిరిగి, నోటితో చెప్పకూడని విద్యలు నేర్చాడు. ఇలాంటి చావు కోసమే నాలుగేళ్ళుగా ఆ కల్వర్టు కింద కాపు కాశాడు. రోడ్డు మీద చచ్చే ఆడది కావాలి. ఆమె నోట మాట సగంలో ఆగిపోవాలి. చంపినవాడు వెనక్కి తిరగకుండా పారిపోవాలి.

ఆమె వాణ్ణి కూడా బతిమాలింది. వాడు పక్కనే గొంతుక్కూర్చుని, ఆమె నుదుట కుంకుమ పోసి, ప్రాణం పోయేదాకా తీరిగ్గా చూస్తూ కూర్చున్నాడు. తరవాత కాళ్ళు నలిగిపోయిన ఆ కళేబరాన్ని జుట్టు పట్టి బ్యారన్‌లోకి ఈడ్చుకుపోయాడు. పొగాకు కాల్చే పొయ్యిలో మొండెం బూడిదైంది. తల ఒక్కటే మిగిలింది.

మూడో రోజు ఉదయం కొవ్వూరులో, దొరబాబు భార్య ప్రసన్నకుమారి పెరట్లో బట్టలు ఆరేస్తూ ఉన్నట్టుండి కూలిపోయింది.

"నా కాళ్ళు! నా కాళ్ళేవీ...! చక్రం తియ్యండి బాబూ, చక్రం తియ్యండీ...!"

ఆ గొంతు ఆమెది కాదు! పక్కింటి వాళ్ళు హడలిపోయారు. ఒకరి పేరు ఎత్తి పిలవడానికే మొహమాటపడే మనిషి, మట్టిలో పొర్లుతూ గోళ్ళు ఊడేలా నేలను గీరింది. రాజమండ్రిలో ముగ్గురు డాక్టర్లు చూశారు. స్కానింగులు తీశారు. ఏ జబ్బూ లేదన్నారు. ఆ గొంతు ఎవరిదో తెలిసిన దొరబాబు మాత్రం ఆసుపత్రి వరండా దాటి లోపలికి పోలేదు. అత్తగారు సత్యవాణి ఏలూరు నుంచి వచ్చి కూతురి పక్కన కూర్చుంది.

పదో రోజున కాలకంఠం దొరబాబు ఇంటి గుమ్మంలోకి వచ్చాడు.

"బంపరు కడిగేశావు డ్రైవరూ. బాగానే కడిగావు," అన్నాడు దొరబాబు చెవి దగ్గర వంగి. "కానీ నువ్వు చంపిన ఆడది నీ పెళ్ళాం ఒంట్లోకి ఎక్కి కూర్చుందిరా!"

దొరబాబు వాడి కాళ్ళ మీద పడిపోయాడు. "స్వామీ! మీరేం చెయ్యమంటే అది చేస్తానండి. మా ప్రసన్నని బతికించండి!"

వాడు నవ్వాడు. ఆమె మీదికి ఆ ఆత్మను ఉసిగొల్పింది తానేనని చెప్పలేదు.

వాడు తీసుకుపోయిన బ్యారన్ లోపల, మసిబారిన గోడ మీద దేశపటం ఒకటి నెత్తుటితో గీసి ఉంది. మద్రాసు, బొంబాయి, ఢిల్లీ, కలకత్తా... నాలుగింటినీ కలుపుతూ రహదారుల వలయం. ఆ వలయం గీత కొవ్వూరు దగ్గర గోదావరిని దాటి, ఈ బ్యారన్ ముందు నుంచే పోతోంది.

"నేను గొలుసు లాగిన రోడ్డిది," అన్నాడు కాలకంఠం, ఆ గీతను వేలితో నిమురుతూ. "రోడ్డు వేశామనుకున్నారు వెర్రివాళ్ళు. వేసింది ముగ్గు! దేశమంత ముగ్గు! దిక్కు లేకుండా ఆ రోడ్ల మీద చచ్చినవాళ్ళు ఎన్ని వేల మందో తెలుసా నీకు? ఈ ముగ్గు కలిసిందంటే నీ పెళ్ళాన్ని పట్టింది వదిలిపోతుంది."

వాడు అసలు కోరుకున్నది వేరు. ముగ్గు కలిసిన ఘడియలో ఆ ప్రేతకోటి యావత్తూ తన కాలికింద బానిసవుతుంది. ఆ సంగతి వాడి కడుపులోనే ఉంది.

నిమ్మకాయలు పిండిన రక్తవర్ణపు నీళ్ళలోంచి వాడొక కపాలాన్ని పైకెత్తాడు. దొరబాబు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఉలి దెబ్బ వినిపించింది. ఒకటి... రెండు... మూడు...! కపాలం నాలుగు చెక్కలైంది. కింది దవడను మాత్రం కాలకంఠం తన దగ్గర ఉంచుకుని, దానికి ఇనుప మేకు దిగగొట్టాడు.

"ఒక్కో నగరం చుట్టూ రింగు రోడ్డు ఉంటుంది. దాని అంచున, అసురసంధ్య వేళ, ఒక్కో ముక్క పాతెయ్. చంపిన చేత్తోనే పాతాలి. దాని పేరు ఎవరినీ అడగకు, నోటితో పలకకు. పేరు తెలియనంత కాలం అది నేను ముక్కుతాడు వేసిన ఎద్దు. మధ్యలో ఆగావో... నీ పెళ్ళాం నెత్తురు కక్కుకుని చస్తుంది!"

దొరబాబు బయలుదేరాడు.

నెల్లూరు దాటి మద్రాసు చేరాడు. ఊరి అవతల రింగు రోడ్డు పక్కన, లారీలు హోరెత్తి పోతుండగా, పారతో గొయ్యి తీశాడు. మొదటి ముక్క మట్టిలో పడగానే ఫోను మోగింది.

"అల్లుడుగారూ!" సత్యవాణి ఏడుస్తోంది. "అమ్మాయి నోరు పడిపోయిందండీ! అరుస్తున్నట్టు నోరు తెరుస్తోంది గానీ చప్పుడు లేదు!"

వెంటనే కాలకంఠానికి ఫోన్ చేశాడు.

"పట్టింది వదిలేటప్పుడు అలాగే ఉంటుంది," అన్నాడు వాడు. "ముగ్గు కలిశాక అన్నీ తిరిగొస్తాయి. పో!"

బెంగుళూరు, హుబ్లీ, పూణే... దొరికిన లోడు ఎత్తుకుంటూ, దించుకుంటూ పోయాడు. పశ్చిమ కనుమల్లో వాన కడిగిన కొండల నిండా జలపాతాలు తెల్లటి దారాల్లా జారుతున్నాయి. ఆ ఘాట్ రోడ్డు చూడటానికే కార్లేసుకుని వచ్చిన కుటుంబాలు మలుపు మలుపునా ఆగి ఫోటోలు దిగుతున్నాయి. దొరబాబు ఆ అందం ఏదీ చూడలేదు. పక్క సీట్లో, కపాలం ముక్కలున్న ఎర్రగుడ్డ మూటలోంచి సన్నటి గొంతు ఆగకుండా వినిపిస్తోంది... తొమ్మిది... నాలుగు... తొమ్మిది... పాటలు గట్టిగా పెట్టాడు. పాట వెనకాల కూడా అదే!

బొంబాయిలో రెండో ముక్క పాతాడు. ఆ సాయంత్రం ప్రసన్నకుమారి కళ్ళు పోయాయి.

వీడియో కాల్‌లో ఆమె ముఖం చూశాడు. తెల్లగుడ్లు పైకి తిరిగి ఉన్నాయి. అత్తగారు ఫోను ఆమె చెవి దగ్గర పెట్టింది.

"ప్రసన్నా! నేనే. ఇంకో పదిహేను రోజులు ఓర్చుకో," అన్నాడు. ఆమె గాలిలో చెయ్యి చాపి, అతని గొంతు వచ్చిన వైపు తడుముకుంది. దొరబాబు తల స్టీరింగుకేసి కొట్టుకున్నాడు. వెనక్కి తిరిగిపోదామనుకున్నాడు. కానీ ఆగితే నెత్తురు కక్కుకుంటుందన్నాడుగా! లారీ ఉత్తరానికే తిప్పాడు.

ఢిల్లీ దగ్గర పొగమంచులాంటి దుమ్ములో మూడో ముక్క. ఆమె చెవులు పోయాయి. ఇక అతని గొంతు కూడా ఆమెకు చేరదు.

ఢిల్లీ దాటాకే అతనికి వాళ్ళు కనబడటం మొదలైంది. ఆగ్రా దగ్గర పట్టపగలు, డివైడరు మీద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. సగం తల లేదు. కాన్పూరు దాటాక నలుగురు. కాశీ దగ్గర వంతెన మీద ఇరవై మంది... పెళ్ళి బట్టల్లో ఒక జంట, వీపున సంచులతో కూలీలు, సైకిలు హ్యాండిలు గుండెలో దిగిన ఒక ముసలాయన. ఎవరూ అతని వంక చూడటం లేదు. అందరూ పక్క సీట్లోని మూటకేసే చూస్తున్నారు. లారీ దాటిపోగానే రోడ్డెక్కి దాని వెనకే నడక మొదలుపెడుతున్నారు!

కలకత్తాలో నాలుగో ముక్క పాతినప్పుడు ప్రసన్నకుమారి కాళ్ళు చచ్చుబడ్డాయి. "అన్నీ అయ్యాయి. ఇంకెంత సేపు!" అన్నాడు కాలకంఠం ఫోనులో. వాడి గొంతులో ఆకలి. "అమావాస్య మిట్టమధ్యాహ్నానికి బ్యారన్ దగ్గరుండు. నీ పెళ్ళాన్ని అక్కడికే తెప్పిస్తున్నాను."

చిలికా సరస్సు పక్కగా, విశాఖ మీదుగా ఏకబిగిన తోలుకొచ్చాడు. తుఫాను అతనితో పాటే తీరం వెంట దిగివచ్చింది. రాజమండ్రి దాటి గోదావరి వంతెన ఎక్కేసరికి పదకొండున్నర. కానీ ఆకాశం ఆరిపోయిన కుంపటిలా ఉంది. కింద నది నల్లగా తిరగబడుతోంది. అద్దంలో వెనక్కి చూశాడు. వంతెన ఈ చివర నుంచి ఆ చివరదాకా... మనుషులు! వేలమంది! వానలో తడవని మనుషులు!

వంతెన దిగగానే టీ కొట్టు దగ్గర బ్రేకు వేశాడు. మళ్ళీ ఆ అద్దంలోకి చూడలేక కిందికి దిగాడు. కొట్టు గోడ మీద తడిసిన కాగితం ఒకటి గాలికి కొట్టుకుంటోంది. అందులో ఉన్నది ఆ రోజు రోడ్డు మీంచి తననే చూసిన ముఖం!

'కనబడుట లేదు. బుల్లెమ్మ, 43 సం. జీడితోట పనికి వెళ్ళి తిరిగి రాలేదు. ఆచూకీ తెలిసినవారు ఆమె కుమార్తె హారతికి ఫోన్ చేయగలరు.' కింద నంబరు. తొమ్మిది, నాలుగు, తొమ్మిదితో మొదలయ్యే నంబరు.

"ప్రతి వారం వచ్చి కొత్తది అంటించి పోతుందండి ఆ పిల్ల," అన్నాడు టీ కొట్టాయన. "చూశారేంటండి ఎక్కడైనా?"

దొరబాబు లారీ ఎక్కేశాడు.

బ్యారన్ లోపల మిట్టమధ్యాహ్నం కాళరాత్రిలా ఉంది. పొయ్యిలో మంట భగ్గుభగ్గుమంటోంది. నేల మీద నెత్తుటి ముగ్గు... నడుమ ప్రసన్నకుమారి! చూపు లేదు, మాట లేదు, వినికిడి లేదు, కదలిక లేదు. ఊపిరి ఒక్కటే ఉంది. తలుపు బయట సత్యవాణి స్పృహ తప్పి పడి ఉంది. కాలకంఠం ఒంటినిండా చితాభస్మం పూసుకుని, ఒక చేత కత్తి, మరో చేత మేకు దిగిన దవడ ఎముక పట్టుకుని నిలబడ్డాడు.

"రా డ్రైవరూ! దాని జుట్టు పట్టి మెడ పైకెత్తు!"

"మెడ... ఎందుకండీ?"

"ముగ్గు కలవాలంటే చివరి చుక్క పడాలిగా! హంతకుడి ఆలి నెత్తురు పడాలి!" వికటాట్టహాసం చేశాడు వాడు. "అది బతుకుతుందని నిజంగానే అనుకున్నావురా వెర్రివెధవా? పట్టు! లేదంటే పోలీసులకి నిన్నే పట్టిస్తాను. నువ్వు తొక్కి చంపిన ఆడది..."

"ఆవిడకి పేరుంది!"

ఆ అరుపు తన గొంతులోంచే వచ్చిందని దొరబాబుకు వెంటనే తెలియలేదు. కాలకంఠం ముఖంలో నెత్తురు ఇంకిపోయింది.

"ఒరేయ్... వద్దు... నోరు ముయ్యి!"

"బుల్లెమ్మ!" అన్నాడు దొరబాబు మోకాళ్ళ మీద కూలిపోతూ. "ఆవిడ పేరు బుల్లెమ్మ! నేనే గుద్దాను! బతికుండగా వదిలేసి పోయాను! బుల్లెమ్మా...!"

ఫెళఫెళమంటూ పిడుగు పడింది!

దవడలోని ఇనుప మేకు టప్పుమని ఎగిరి గోడకు గుచ్చుకుంది. దవడ కాలకంఠం చేతిలోంచి జారి, నేల మీద పడి, నెమ్మదిగా తెరుచుకుంది.

"నాకు దారి చూపించావు," అంది కాలకంఠంతో. ఒక ఆడదాని గొంతు. అలసిపోయిన, మామూలు గొంతు. "వాళ్ళని కట్టెయ్యడానికి నన్ను ఊరూరా తిప్పావు. నేను వాళ్ళందర్నీ పిలుచుకుంటూ వచ్చాను."

బ్యారన్ తలుపులు విరిగిపడ్డాయి. బయట రహదారి కనబడలేదు. రహదారి నిండా వాళ్ళే... తలలు పగిలినవాళ్ళు, ఛాతీలు నలిగినవాళ్ళు, ఎవరూ వచ్చి అడగనివాళ్ళు, ఎవరూ తగలెయ్యనివాళ్ళు! కాలకంఠం గొంతు చించుకుని మంత్రాలు చదివాడు. బూడిద విసిరాడు. కత్తితో తన అరచెయ్యి కోసుకుని నెత్తురు చిమ్మాడు. ఒక్కరూ ఆగలేదు. వాళ్ళు వాణ్ణి కొట్టలేదు, కరవలేదు. ఊరికే పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు.

ఆ దారిన ఏదో వచ్చింది. కంటికి కనబడలేదు. హారను మోత వినబడింది. కాలిన డీజిలు వాసన వచ్చింది. నేల అదిరింది.

"వద్దు...! వద్దమ్మా...! తల్లీ...!"

వాడి పాదాలు ముందుగా నలిగాయి. నెమ్మదిగా... ఎముక తరవాత ఎముక... మోకాళ్ళు, తొడలు, నడుము! అక్కడ ఆగింది. వాడు బతికే ఉన్నాడు. దొరబాబు వంక చెయ్యి చాపి, నెత్తురు నిండిన నోటితో ఏదో అడగబోయాడు. దవడ వాడి పక్కకు దొర్లుకుంటూ వెళ్ళి ఆగింది. బుల్లెమ్మను వాడు ఎంతసేపు చూస్తూ కూర్చున్నాడో, అంతసేపూ అది కూడా వాణ్ణి చూస్తూ కూర్చుంది. ఆ తరవాత మిగిలిన చక్రాలు వాడి ఛాతీ మీదుగా, ముఖం మీదుగా దాటిపోయాయి. నేల మీద తడి టైరు అచ్చులు తప్ప కాలకంఠం ఆనవాలు ఏమీ మిగల్లేదు.

బయట రహదారి ఖాళీ అయింది.

"పాతింది నువ్వే," అంది దవడ దొరబాబుతో. "తవ్వి తెచ్చేదీ నువ్వే. ఒక్కో ముక్క తీసినప్పుడు నీ భార్యకి ఒక్కోటి తిరిగొస్తుంది. చివరిది నా ఇంటి గడప దాటాక వస్తుంది."

అంతే. దొరబాబు దాన్ని ఎర్రగుడ్డలో చుట్టుకున్నాడు.

దొరబాబు మళ్ళీ ఆ వలయమంతా తిరిగాడు, ఈసారి ఎదురు దిక్కున. కలకత్తాలో మట్టి తవ్వాడు. ఆ సాయంత్రమే ప్రసన్నకుమారి లేచి నడిచిందని అత్తగారు ఫోన్ చేసింది. ఢిల్లీలో తవ్వాడు. చెవులు వచ్చాయి. ఫోను చెవికి పెట్టమని చెప్పి, "ప్రసన్నా, వినబడుతోందా?" అని అడిగాడు. అవతల ఊపిరి చప్పుడు వినిపించింది. తరవాత ఫోను పెట్టేసిన చప్పుడు. బొంబాయిలో చూపు. వీడియో కాల్ చేస్తే ఎత్తలేదు. మద్రాసు రింగు రోడ్డు పక్కన నాలుగో ముక్క తీసి మూటలో వేసుకున్నప్పుడు అతని మనసు కాస్త తేలికపడింది. మాట ఒక్కటే మిగిలింది. ఆమె నోట 'ఏవండీ' అన్న పిలుపు విన్నాడంటే చాలు. ఈ నరకమంతా మరిచిపోవచ్చు.

దేవరపల్లి అవతల, జీడితోటల మధ్య బుల్లెమ్మ రెండు గదుల ఇల్లు. వాకిట్లో లారీ ఆపి దిగిన దొరబాబు నిలువునా బిగుసుకుపోయాడు. అరుగు మీద, పాతికేళ్ళు కూడా లేని ఒక అమ్మాయి పక్కన, ప్రసన్నకుమారి కూర్చుని ఉంది.

"మీరేనా అండీ?" అంటూ హారతి లేచింది. "ఈవిడ పొద్దున్నే వచ్చారు. మాట రాదంట. 'మీ అమ్మని తెస్తున్నారు' అని కాగితం మీద రాశారు. అమ్మేదండీ?"

దొరబాబు గడప దాటి, ఎర్రగుడ్డ మూటను నేల మీద పెట్టాడు. హారతి ముడి విప్పింది. కెవ్వుమని ఒక్క అరుపు అరిచి గోడకు ఒదిగిపోయింది. 

"ఎక్కడ... ఎక్కడ దొరికిందండీ మా అమ్మ? ఎవరు చేశారిలా?"

అతను చెప్పాలనే వచ్చాడు. దారంతా ఆ మాటలే కూడబలుక్కున్నాడు. కానీ ఆ పిల్ల కళ్ళలోకి చూసేసరికి నాలుక మెలిక పడింది.

"రోడ్డు పక్కన దొరికిందమ్మా. ఎవడో క్షుద్రపూజలు చేసేవాడు... వాడూ చచ్చిపోయాడు..."

"అబద్ధం."

ప్రసన్నకుమారి గొంతు! ఆమెదే, అచ్చంగా ఆమెదే! ఒక్క క్షణం అతనికి ఆనందం ముంచుకొచ్చింది.

"అన్నీ పోయిన రోజుల్లో నాతో మాట్లాడింది ఈవిడ ఒక్కతే," అంది ఆమె, మూటలోని కపాలాన్ని చూపిస్తూ. పెళ్ళైన పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆమె నోట 'మీరు' రాలేదు. "గుద్దింది నువ్వు. ప్రాణాలతో ఉండగా వదిలేసి వచ్చింది నువ్వు. ఆ రాత్రి ఇంటికొచ్చి నా చేతి అన్నం తిన్నావు. చెప్పు ఆ పిల్లకి. నీ నోటితో చెప్పు."

దొరబాబు చెప్పాడు. రెప్పపాటు దగ్గర మొదలుపెట్టి, అద్దంలో కదిలిన పెదవుల దాకా ఒక్కటి దాచకుండా చెప్పాడు. హారతి వింటూ ఏడవలేదు. విన్నాక కొట్టలేదు. ఫోను తీసి పోలీసు స్టేషనుకు చేసి, ఊరి పేరు, ఇంటి గుర్తు విడమరిచి చెప్పింది.

జీపు రావడానికి ముప్పావుగంట పట్టింది. లారీ తాళం అతని చేతిలోనే ఉంది. పొమ్మన్నవాళ్ళు లేరు, పట్టుకున్నవాళ్ళు లేరు. అరుగు కింద మట్టిలో కూర్చున్నాడు. ఒకసారి తలెత్తి, "ప్రసన్నా..." అన్నాడు.

ఆమె వింది. మాట వచ్చిన మనిషే. కానీ పలకలేదు. హారతి పక్కన నేల మీద కూర్చుని, మూటలోని ముక్కలకు అంటిన నాలుగు ఊళ్ళ మట్టిని చీర చెంగుతో తుడుస్తూ ఉండిపోయింది.